ఏడో గడి

గురువారం సాయంత్రం ఐదున్నర.
హార్ట్‌లీపూల్‌లో సముద్రం మా వీధి చివరే గానీ
నవంబరులో దాన్ని చూడం, వింటాం.
పాత చర్చి హాలు తాళం మొండిది.
తలుపు కాస్త పైకెత్తి, భుజంతో ఒక్క తోపు తోసి
ఓ తిట్టు తిడితేగానీ రాదు.

బాయిలర్ ముట్టిస్తాను. బ్రెడ్డు రెండు పొట్లాలు, వెన్న ఒకటి,
నా పర్సులోంచే.
రశీదు దాస్తాను, ఎవరూ అడగరని తెలిసీ.

సువర్చల అన్న పేరును పిల్లలు మొదటివారమే
'సూ' దగ్గర విరగ్గొట్టి మిగతాది పారేశారు.
మంచిదే. పొట్టి పేరుతో పరిగెత్తడం సులువు.

పూల్ బల్లకి నల్లబంతి లేదు, ఎవరో ఎత్తుకుపోయారు.
దాని బదులు ఓ కమలాపండు.
ఆఖర్న గెలిచినవాడు ఒలుచుకు తినేస్తాడు.
ఈ సంగతి ఏ నివేదికలోనూ రాయలేదు నేను.
నివేదిక అడిగేది వేరు:
ఈ మూణ్ణెల్లలో ఎంతమంది మారారు?
అంకెల్లో చెప్పండి.

రీస్‌కి పద్నాలుగేళ్లు. టోస్టు అంచులు మాత్రమే తింటాడు.
ఆ రోజు సింకు దగ్గర నా పక్కన నిలబడి
ఒకే కప్పును పదిసార్లు తుడిచాడు.
"నీకొకటి చెప్తా. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్."

మా అమ్మమ్మయితే వేసేసేదే.
వీధిలో సగంమంది గుట్టు ఆవిడ కడుపులో ఉండేది.
కడుపులో పెట్టుకోవడమే ప్రేమనుకుంటూ పెరిగినదాన్ని.
ఇక్కడ నాకు జీతమిచ్చేది పెట్టుకోకుండా ఉండటానికి.
శిక్షణలో నేర్పిన వాక్యమే,
అప్పజెప్పినట్టు వినపడకుండా
ఎంత మెత్తగా అనగలనో అంత మెత్తగా అన్నాను:
"ఒట్టు వెయ్యలేను రీస్. నీకేదైనా ప్రమాదం ఉందనిపిస్తే
ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది."

కప్పు కింద పెట్టాడు.
స్వెటరు చేతులు వేళ్ల కొసలదాకా లాక్కున్నాడు.
"ఏం లేదులే."

లాక్కునే ముందు ఒక్క క్షణం
ఎంత ఉందో కనపడింది.

హాల్లో కమలాపండు కోసం కొట్లాట.
జోడీ బాత్రూం తలుపును కాలితో తంతోంది,
లోపల ఎవరున్నారో నాకు తెలీదు.
ఉండాల్సింది ఇద్దరం. రెండో మనిషికి జ్వరం,
బదులు మనిషికి డబ్బుల్లేవు.
నేను అటు తిరిగి ఇటు తిరిగేసరికి
సింకు దగ్గర కప్పు ఒక్కటే ఉంది.

తొమ్మిదింటికి, అందరూ పోయాక, ఫారం.
పేరు, తేదీ, వేళ, సాక్షులు.
ఏడో గడి: జరిగింది పిల్లల సొంత మాటల్లో.
వాడి సొంత మాటలు రెండే.
రాశాను. ఇంకా తొమ్మిది గీతలు ఖాళీ.
కప్పు గురించి రాయనా? టోస్టు అంచుల గురించి?
ఊహించింది రాయకూడదు, చూసిందే రాయాలి.
ఎడమ చెయ్యి. మణికట్టుకి పైన. రంగు.
ఆ రంగు పేరు రాయడానికి చాలాసేపు పట్టింది.

మరీన్‌కి ఫోను చేశాను.
"సరిగ్గానే చేశావు," అంది.
"మనం కూర్చుని మాట్లాడుకోవాలి," అంది.
ఆ కూర్చోవడం ఆగస్టు నుంచీ వాయిదా పడుతూనే ఉంది.

ఇంట్లో ఫణి చారు వేడిచేస్తూ
"ఎలా గడిచింది?" అన్నాడు.
ఇంటికి తేకూడని మాటలతో నోరు నిండిపోయి
"ఏం లేదులే," అన్నాను.
ఆ మాట ఎవరిదో అప్పుడు గుర్తొచ్చి
చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాను.

తర్వాత ఏం జరిగిందో నాకు చెప్పరు.
నా స్థాయి వాళ్లకి చెప్పే పద్ధతి లేదట.
మూడు గురువారాలు రీస్ రాలేదు.
నేను చాడీలు చెప్పేదాన్నని గోడమీద ఎవరో రాశారు,
స్పెల్లింగు తప్పుతో. సున్నం నేనే వేశాను.

నాలుగో గురువారం ఎదురుగా బస్టాపులో నిలబడ్డాడు.
రెండు బస్సులు వెళ్లాయి. ఎక్కలేదు.
ఇటూ రాలేదు.
హాలు వదిలి నేను వెళ్లకూడదు, ఒక్కదాన్నే ఉన్నాను.
తలుపు బార్లా తీసి ఇటుక అడ్డం పెట్టాను.
ముక్కుతూ మూలుగుతూ బాయిలర్ కూడబెట్టిన వేడంతా
వీధి పాలవుతోంది.

"చలి, సూ! తలుపెయ్!" అని
లోపల అందరూ ఒకటే గోల.